ఖాళీగా కూర్చున్న రెండో గేట్‌వే

పరిపాలనాధికారి గారికి,
నెట్‌వర్క్ విభాగం నమస్కరించి రాయునది.

మన డేటా సెంటర్‌లో సర్వర్లు నాలుగు వందలు. అవి బయటివాళ్లతో మాట్లాడాలంటే గేట్‌వే గుండానే వెళ్లాలి. అదీ రూటరే, కాకపోతే ఇంటికి వీధి గుమ్మం లాంటిది. ఆ గుమ్మం మూసుకుపోతే లోపలి నాలుగు వందలూ బుద్ధిగా పనిచేస్తూనే ఉంటాయి, ఎవరికీ ఉపయోగపడకుండా. ఈ పద్ధతి మన ఆఫీసుకి కొత్త కాదనుకోండి. అయినా నా డిజైన్‌లో గేట్‌వేలు రెండు పెట్టాను. ఒకటి పనిచేస్తుంది, రెండోది సిద్ధంగా ఉంటుంది. మొదటిది పడిపోతే రెండోది క్షణాల్లో అందుకుంటుంది. రెండూ మంజూరు చేయగలరు.

వచ్చే శుక్రవారం డైరెక్టర్ గారు స్వయంగా మొదటి గేట్‌వే తీగ పీకి చూస్తారు. పని ఆగకపోతే నా ఉద్యోగం ఖాయం. ఆగితే ప్రొబేషన్‌తోనే సరి, ఇంటికి పొమ్మంటారు.

ఇట్లు,
నెట్‌వర్క్ డిజైనర్

తా.క.: మామయ్యగారూ, ఇదంతా పొద్దున కాఫీ దగ్గరే చెప్పబోయాను. "ఇంట్లో ఆఫీసు మాటలొద్దమ్మా, కోడలికి వత్తాసు పలికాడంటారు, ఏదున్నా కాగితం మీద పెట్టు" అన్నారు. పెట్టాను. ఇకమీదట చక్కెర డబ్బా అందించమన్నా రాసివ్వాలా?

---

నెట్‌వర్క్ డిజైనర్ గారికి,

మీ ఉత్తరం అందినది. నంబరు వేయడమైనది.

ఒకరు పనిచేస్తుంటే మరొకరు చూస్తూ కూర్చునే ఏర్పాటు నా ముప్పై ఏళ్ల సర్వీసులో చాలా విభాగాల్లో చూశాను. కాని దాన్ని డిజైన్ అని ఇంతవరకూ ఎవరూ అనలేదు. ఖాళీగా ఉండటానికే ఒక యంత్రం కావాలని ఇంత నిర్భయంగా రాసింది మీరొక్కరే. ఆ రెండోది ఊరికే ఉన్న సమయంలో దానికి ఇంకేదైనా పని అప్పగించవచ్చా? ఫొటోస్టాట్ తీస్తుందా? వెంటనే తెలపగలరు.

ఇట్లు,
పరిపాలనాధికారి

తా.క.: అమ్మాయీ, చక్కెర మీ అత్తయ్య శాఖ, ఆవిడకి రాసుకో. ఆవిడ రెండో కళ్లజోడు ఏడాదిగా డబ్బాలో ఊరికే పడుందని ఎవరికో ఇచ్చేశాను. నిన్న మొదటిది విరిగింది. ఇందులో నీకు ఏ నీతీ కనిపించక్కర్లేదు.

---

పరిపాలనాధికారి గారికి నమస్కారాలు.

ఫొటోస్టాట్ తీయదు. క్షమించాలి.

రెండు గేట్‌వేలకీ చిరునామా ఒక్కటే. గుమ్మం ఒకటే ఉందనుకుంటాయి సర్వర్లు. వెనక ఇద్దరున్న సంగతి వాటికి తెలియదు. ఆ ఇద్దరి మధ్యా ఒక తీగ ఉంటుంది. దాని మీద మొదటిది క్షణక్షణం "ఉన్నాను, ఉన్నాను" అంటూ ఉంటుంది. ఆ మాట వరసగా మూడుసార్లు వినబడకపోతే, మొదటిది పోయిందనుకుని రెండోది కుర్చీ ఎక్కుతుంది. కనుక అది ఖాళీగా లేదు, చెవులు రిక్కించి వింటోంది. మన సమావేశాల్లో అంతమాత్రం వినేవాళ్లు ఎందరున్నారో మీకు తెలియనిది కాదు.

ఇట్లు,
నెట్‌వర్క్ డిజైనర్

తా.క.: అత్తయ్య నిన్న మీ చొక్కాకి గుండీ కుట్టారు. కళ్లజోడు లేకుండానే. అది జేబుకి పడింది. వేసుకునే ముందు గమనించగలరు.

---

నెట్‌వర్క్ డిజైనర్ గారికి,

మీ వాదన బోధపడినది. రెండూ మంజూరు చేసి బిగింపించాను కూడా. ఈ ఆఫీసులో ఇంత త్వరగా ఏ పనీ జరగలేదని మనవి.

చిరునామా ఒకటే అన్నారు గనుక రెండింటినీ ఒకే బీరువాలో పెట్టించి, ఒకే ప్లగ్గుకి తగిలించాను. ఆవరణ రెండుచోట్ల తవ్వితే అసహ్యంగా ఉంటుందని బయటికి పోయే కేబుళ్లు రెండూ ఒకే గొట్టంలో వేయించాను. రెండోదానికి ప్రస్తుతం పని లేదు గనుక కరెంటు దండగ కాకుండా ఆపించాను. మొదటిది పాడైన రోజున ఒక దరఖాస్తు పెట్టుకోండి, పరిశీలించి ఆన్ చేయిస్తాము.

ఇట్లు,
పరిపాలనాధికారి

తా.క.: గుండీ జేబుకి ఉండటం వల్ల వంగినప్పుడు పెన్ను జారిపోవడం లేదు. డిజైన్ అంటే అదీ. మీ అత్తయ్య దగ్గర నేర్చుకో.

---

అయ్యా,

మీ శ్రద్ధకి నోట మాట రావడం లేదు కనుక రాస్తున్నాను.

ప్లగ్గు ఊడితే రెండూ పోతాయి. గొట్టం మీద గునపం పడితే రెండు కేబుళ్లూ ఒక్క దెబ్బకి తెగుతాయి. ఇక ఆపేసిన యంత్రం ఏం వింటుంది? ఇద్దరు కాపలావాళ్లని పెట్టుకుని, ఇద్దరినీ ఒకే తాడుతో కట్టేసి, ఒకడికి నిద్రమాత్ర ఇచ్చినట్టుంది. దయచేసి వేరువేరు గదుల్లో, వేరువేరు కరెంటు లైన్ల మీద పెట్టించండి. రెండో కేబుల్ వెనక గేటు వైపు నుంచి తీయించండి. రెండూ ఎప్పుడూ ఆన్‌లోనే ఉండాలి.

ఇట్లు,
నెట్‌వర్క్ డిజైనర్

తా.క.: నాకు భయంగా ఉంది మామయ్యా. ఈ ఒక్క ముక్క మాత్రం వెటకారం కాదు.

---

నెట్‌వర్క్ డిజైనర్ గారికి,

మీరు కోరినవన్నీ పూర్తి చేయించాను. వేరు గదులు, వేరు కరెంటు, వెనక గేటు కేబుల్. దగ్గరుండి చూశాను.

ఒక్క లోపం నా దృష్టికి వచ్చినది. ఆ రెండు యంత్రాలూ మీరు రాసినట్టు నిజంగానే క్షణం తీరిక లేకుండా మాట్లాడుకుంటున్నాయి. పనివేళల్లో కబుర్లు కూడదని నా సంతకంతో గోడకి నోటీసు ఉంది. మన సిబ్బంది "ఉన్నాను" అని పొద్దున ఒక్కసారి సంతకం పెడితే సాయంత్రందాకా ఉన్నట్టే లెక్క; ఉన్నారో లేదో ఎవరూ మళ్లీ అడగరు. యంత్రాలకి మాత్రం అంత అతి దేనికి? ఇవాళ పొద్దునే మధ్య తీగ తీయించేశాను. ఇకమీదట రోజూ పదింటికి హాజరు పట్టీలో వాటి తరఫున నేనే సంతకం పెడతాను. ఇవాళ్టిది పెట్టేశాను. ఇద్దరూ ఉన్నారు.

ఇట్లు,
పరిపాలనాధికారి

తా.క.: భయపడకమ్మా. అంతా నేను చూసుకుంటున్నాగా.

---

అయ్యా,

మీరు చూసుకుంటున్నారు. నా భయం అదే.

తీగ తీసేసరికి రెండోదానికి మొదటిదాని గొంతు వినబడలేదు. పాపం, పోయిందనుకుని కుర్చీ ఎక్కేసింది. మొదటిది పోలేదు, దిగనూ లేదు. ఇప్పుడు ఒకే చిరునామాకి ఇద్దరు యజమానులు. అడిగిన ప్రశ్న ఒక గుమ్మంలోంచి వెళ్తోంది, జవాబు ఇంకో గుమ్మం దగ్గర తలుపు కొడుతోంది. పొద్దుటినుంచి సగం ఆఫీసు పనిచేయడం లేదు. మామూలుగా పనిచేయని సగం కాదు, రెండో సగం.

రేపే శుక్రవారం. పరీక్ష జరిగేటప్పుడు డిజైన్ చేసిన మనిషి భవనంలో ఉండకూడదని డైరెక్టర్ గారి షరతు. నేను ఇంట్లో కూర్చుంటాను. అక్కడ ఉండేది మీరే. ఆ తీగ ఇవాళే తిరిగి పెట్టించండి.

ఇట్లు,
నెట్‌వర్క్ డిజైనర్

తా.క.: పెట్టించాక మరేదీ సర్దకండి. మీకు దండం పెడతాను.

---

అమ్మాయీ,

ఇది ఆఫీసు ఉత్తరం కాదు, నంబరు వేయలేదు. ఫోనులో చెబితే ఆఫీసంతా వింటుంది. డ్రైవరు చేతికిచ్చి పంపుతున్నాను.

తీగ నిన్నే నా చేత్తో పెట్టాను. ఇవాళ పదకొండింటికి డైరెక్టర్ గారు మొదటి గేట్‌వే తీగ పీకారు. రెండోది అందుకుంది. టైపు చేసేవాళ్లు చేస్తూనే ఉన్నారు, ఆవలించేవాళ్లు ఆవలిస్తూనే ఉన్నారు. ఒక్కరికీ తెలియలేదు. నీ డిజైన్ చూసి నాకెంత గర్వంగా అనిపించిందో ఏం చెప్పను!

డైరెక్టర్ గారు మాత్రం గడ్డం గోక్కుని, "మొదటిది లేకపోయినా నడుస్తోందంటే అది దండగే కదండీ? బ్రాంచికి పంపేయండి. ఆ అమ్మాయి లేకపోయినా నడుస్తోంది. ఆవిడకీ రిలీవింగ్ ఆర్డర్ టైపు చేయించండి" అన్నారు. ముప్పై ఏళ్లుగా నేను మాట్లాడుతున్న మాటలే అమ్మా అవి. ఇంకొకరి నోట వింటే ఇంత దరిద్రంగా ఉంటాయని నాకు తెలియదు.

ఆర్డర్ టైపు చేయించలేదు. ఆయన పైవాళ్లతో తెర మీద మీటింగ్ మొదలుపెట్టేదాకా ఆగి, రెండో గదిలోకి వెళ్లి ఆ రెండో గేట్‌వే తీగ కూడా పీకేశాను. భవనమంతా ఆగిపోయింది. ఆయన బొమ్మ అవతలివాళ్లకి నోరు తెరిచినట్టే నిలబడిపోయిందట. పరిగెత్తుకుంటూ వచ్చి "ఎవరు పీకారు?" అని అరిచారు. "నేనే సార్. రెండూ ఎందుకుండాలో, ఆ పిల్ల ఎందుకుండాలో ఇప్పుడు చెప్పనా?" అన్నాను. నీ ఉత్తరాల్లో ఉన్నది ఉన్నట్టు అప్పజెప్పాను. నీ ఉద్యోగం ఖాయం చేస్తూ సంతకం పడ్డాకే తీగలు రెండూ పెట్టాను. సోమవారం వచ్చి చేరు.

మీ మామయ్య

తా.క.: రాతపూర్వక అనుమతి లేకుండా తీగ పీకినందుకు నాకు మెమో ఇమ్మన్నారు. మెమోలు రాసేది నేనే గనుక నాకు నేనే రాసుకున్నాను. చాలా ఘాటుగా కుదిరింది, చదువుతుంటే నాకే వణుకు పుట్టింది. సంజాయిషీ కూడా వెంటనే ఇచ్చేశాను. కారణం అన్నచోట "నా కోడలు" అని రాసి సంతకం పెట్టాను.