గసగసాల కూర, శోభ శాంపిల్

నవంబర్ 2, ఆదివారం

శోభకు ఉద్యోగం వచ్చింది! నా బిడ్డ శోభారాణికి! పాల్వంచ దగ్గర ఫ్యాక్టరీలో క్రేన్ ఆపరేటర్. నేను గనిలో ముప్పై ఏళ్లు చేతులతో బొగ్గు ఎత్తాను. నా బిడ్డ కుర్చీలో కూర్చుని టన్నుల ఇనుము ఎత్తుతుంది!

డ్రగ్ టెస్టు ఒక్కటే మిగిలింది. బుధవారం ఒంటేలు తీసుకుని ల్యాబ్‌లో చూస్తారట. మత్తు జాడ కనబడితే ఆర్డరు రాదట. అందుకే ఈరోజు నుంచి నేను కల్లు బంద్. ఇంట్లో ఆ వాసన బిడ్డకు అంటితే? టెస్టు నాకా, నీకా నాయినా, అని శోభ ఒకటే నవ్వు. అయినా బంద్.

నవంబర్ 4, మంగళవారం

సంతోషం ఆగలేదు. నాటుకోడి తెచ్చి నేనే వండాను. శుభం జరిగితే మా ఇంట్లో కోడికూరకు గసగసాలు నూరి వేస్తాం. ఈసారి దోసిలి నిండా వేశాను. శోభ మూడుసార్లు వడ్డించుకుంది. రేపు టెస్టుకు పోయే ముందు తినడానికి గిన్నెడు దాచాను.

నవంబర్ 7, శుక్రవారం, పొద్దున 11

పాజిటివ్ అట.

అదే రోజు, సాయంత్రం

నల్లమందు జాడ ఉందన్నారు. శోభ కొత్త హెల్మెట్ ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. నా పెండ్లాం నాంచారమ్మ నా మీద పడింది. ఆదివారం మానినవ్ సరే, అంతకుముందు తాగింది ఏడ పోతది ముసలోడా, అంది. నిజమే కాబోలనుకున్నాను.

బిడ్డను తీసుకుని ఫ్యాక్టరీ దవాఖానాకు పరుగెత్తాను. కల్లు తాగింది నేనమ్మా, నన్ను పట్టుకోండి, అని డాక్టరమ్మ రాజ్యశ్రీకి దండం పెట్టాను. కల్లు సంగతి పక్కన పెట్టు పెద్దాయనా, బిడ్డ ఏం తిన్నదో చెప్పు, అంది. చెప్పాను. దోసిలి కూడా చూపించాను. ఆమె పెన్ను కింద పెట్టి నవ్వింది. గసగసాలు, నల్లమందు ఒకే మొక్కవట! ఎక్కువ తింటే ఆ జాడే వస్తుందట. సోమవారం మళ్లీ శాంపిల్ ఇవ్వమంది. అందాక నువ్వు వంటింట్లోకి పోకు, అంది.

నవంబర్ 8, శనివారం

నాంచారమ్మ గసగసాల డబ్బాను ట్రంకు పెట్టెలో వేసి తాళం వేసింది. ఇంట్లో పప్పుచారు.

నవంబర్ 12, బుధవారం

నెగెటివ్! నెగెటివ్! నెగెటివ్! ఆర్డరు కూడా చేతికి వచ్చింది! వాడంతా తిరిగి చెప్పాను. కల్లు గీసే ముసలయ్య మొహం చిన్నబుచ్చుకుని, ఏంది మామా, ఫెయిలయిందా, అన్నాడు. నెగెటివ్ అంటే పాస్‌రా పిచ్చోడా, అని కౌగిలించుకున్నాను. వాడు సంబరంగా కల్లు లొట్టి తెచ్చాడు. ఎందుకో తాగబుద్ధి కాలేదు. ఆ లొట్టిని వాడవాళ్లే ఖాళీ చేశారు.

నవంబర్ 17, సోమవారం, పొద్దున 7

శోభ మొదటి షిఫ్ట్. గేటు దగ్గర అందరూ వరసగా గొట్టంలోకి ఊది లోపలికి పోతున్నారు. మత్తు లేనట్టు తేలితేనే గేటు తీస్తారట. శోభ ఊదింది. గేటు తీశారు.

బయట నేనూ గట్టిగా ఊదాను, గాలిలోకి.