డెర్వ్లా పనిచేసిన ఐస్‌క్రీం కొట్టు

సోర్చా తల్లీ,

సముద్రం దాటి కేప్ కాడ్‌కు క్షేమంగా చేరాం, మీ అమ్మ మోకాళ్ళు బాగానే ఉన్నాయి, దిగులు పెట్టుకోకు.

నిన్న మీ అక్క డెర్వ్లా కాలేజీ సెలవుల్లో పనిచేసిన ఐస్‌క్రీం కొట్టు చూడబోయాం. బయటినుంచే చూసి వచ్చేద్దామనుకున్నాం గానీ, మీ అమ్మ తలుపు తోసుకుని లోపలికి వెళ్ళిపోయింది. కొట్టు యజమాని రోజలీ పెద్దావిడ. మీ అమ్మ పోలికలు చూసి ఇట్టే గుర్తుపట్టింది.

"డెర్వ్లా వాళ్ళమ్మవి కదూ? ఎలా ఉందమ్మా ఆ అల్లరిపిల్ల? ఇంకా పాడుకుంటూనే పనిచేస్తోందా?" అంది.

దాన్ని మట్టిలో పెట్టి ఏడాది కావస్తోందని చెప్పాలా వద్దా అని మీ అమ్మవైపు చూశాను.

"బాగుందమ్మా. మా ఊరివైపే, స్లైగోలో టీచరు. పిల్లలకి పాటలే పాటలు," అంది మీ అమ్మ, నవ్వుతూ.

బయటికొచ్చాక, "ఎందుకలా చెప్పావు?" అన్నాను.

"ఈ ఒక్క ఊళ్ళోనన్నా బతికుండనీ దాన్ని," అంది. ఆ తర్వాత ఇద్దరం రోడ్డు పక్క బెంచీ మీద కూర్చుని ఏడ్చాం.

ఎర్రావు ఈనిందా? పక్కింటి పోరిక్‌ను రోజూ ఓసారి చూసి పొమ్మను. అక్క సంవత్సరీకం పూజకు ఫాదర్‌తో మాట్లాడు, ఆలోగా వచ్చేస్తాం.

ఇంకో మాట. రోజలీ డెర్వ్లాకిమ్మని, కొట్టులో పనివాళ్ళు వేసుకునే నీలం చొక్కా ఒకటి ఇచ్చింది. మీ అమ్మ దాని కొలత కూడా చెప్పి మరీ తీసుకుంది. ఇంటికొచ్చాక అక్క అలమరలో పెడితే, నువ్వేమీ అడగకు తల్లీ.

మేరీమాత నిన్ను చల్లగా చూడాలి.

నాన్న