సుజాత పక్కన పెట్టిన కాగితం

ఆదివారం

ఇవాళ మా రేడియో కబుర్లలో రాజకీయం, సినిమా సాఫీగానే గడిచాయి. మదుపు సంగతి మొదలెట్టగానే ఏక్‌బాల్‌పూర్ నుంచి ఓడరేవు డాక్‌లో పనిచేసే ఒకాయన ఫోన్ చేశాడు.

"షేర్లంటే ఏటమ్మా? మునిగిపోతే మనకేటి మిగుల్తాది?"

నేను రాసిచ్చిన కాగితంలో దీనికి జవాబు లేదు. సుజాత ఈ బెంగాలీ గడ్డ మీదే, లిలువాలో పుట్టిన తెలుగు పిల్ల, తెలుగు చదవడం రాదు. నా వాక్యాలు బెంగాలీ అక్షరాల్లో రాసుకుని మైకు ముందు చదువుతుంది. మధ్యలో ఇంటి యాస దొర్లితే నేను దిద్దుతాను. ఇవాళ కాగితం పక్కన పెట్టేసి ఇంటి యాసలోనే చెప్పింది.

"పదిమందితో కలిసి వల కొన్నావనుకో బాబూ. సేప పడితే అందరికీ వాటా, వల సిరిగితే అందరికీ నట్టం. బియ్యానికుంచిన డబ్బులు మాత్రం అందులో ఎట్టకు."

వినేవాళ్లు లేరని ఈ నెలతో ఆపేద్దామనుకున్న కార్యక్రమం ఇది. ఆ తరవాత ఫోన్లు ఆగలేదు.

బయటికొచ్చాక భయంభయంగా అడిగింది. "దాదా, తప్పు మాటాడీసేనేటి?"

ఇన్నాళ్లూ నేను దిద్దుతున్నది తప్పులనేనా...

వచ్చేవారానికి టెక్నాలజీ మీద రాసిన కాగితం ఆమెకివ్వకుండా ఇంటికి తెచ్చేశాను. ఆమె ఏం చెబుతుందో నాకూ వినాలనుంది.