ఛాతీ మీది పట్టీ

అమ్మకు,

నీ చిన్నది దండం పెట్టి రాస్తున్నది. ఇక్కడ నేనూ, నాతో ఒకే గదిలో ఉంటూ పక్క తాడు మీద పనిచేసే, నేను అక్కా అని పిలిచే ఆవిడా బాగానే ఉన్నాం. నువ్వూ నాన్నా కులాసా అని తలుస్తాను.

వేళకు తింటున్నావా అన్నావు. తింటున్నాను. నువ్విచ్చిన నూనె సీసా ఖాళీ అయింది గానీ వెన్నునొప్పి మాత్రం అత్తారింటికొచ్చిన అల్లుడిలా కదలనంటోంది. అందరికీ ఉన్నవే కదా, నీకొక్కదానికే బరువా అని రాశావు. అందరికీ ఇంతింత లేవమ్మా. కూర్చుని చేసే పని చూసుకోమన్నావు. కుట్టుమిషను ముందు కూర్చుంటే మెడ ఎత్తలేకపోయిన సంగతి మరిచిపోయావా? మేడల బయట వేలాడుతూ అద్దాలు తుడవడమే నాకిష్టం. లోపలి గుమాస్తాలు నా ఛాతీకేసి గుడ్లప్పగిస్తే అద్దం నిండా నురగ పులిమేస్తాను.

వచ్చే సోమవారం ఆపరేషను. రొమ్ముల బరువు తగ్గించేస్తానంది డాక్టరమ్మ. నాకు చచ్చేంత భయంగా ఉంది. మత్తులోంచి లేవకపోతే? చేతులు మునుపటిలా పైకి లేవకపోతే? రేపు పిల్లలు పుడితే పాలుంటాయో లేదోనని నువ్వు ఏడ్చావట, నాన్న రాశాడు. డాక్టరమ్మ కూడా చెప్పలేనంది. నేనూ ఏడ్చాను.

అయినా ఎందుకు చేయించుకుంటున్నానో ఇన్నాళ్ళూ దాచాను. మాకిచ్చే సేఫ్టీ బెల్టు మగవాళ్ళ కొలతకు కుట్టింది. ఛాతీ మీది పట్టీ నాకు అందదు. చెబితే కింద బాల్చీలు మోయమంటారని, పైన కోటు తొడుక్కుని, పెట్టుకున్నట్టే నటించేదాన్ని. పోయిన నెల గాలి విసురుకు తలకిందులయ్యాను. బెల్టు భుజాల మీంచి జారిపోయింది. తొడల దగ్గరి పట్టీలే ఆపాయి. అక్క తన తాడు మీద ఊగుతూ వచ్చి నన్ను నిలబెట్టింది. కిందికి దిగాక చెంప పగలగొట్టింది.

“మీ అమ్మకు నేనేం చెప్పేదాన్నే?” అంది. తర్వాత నన్ను పట్టుకుని ఏడ్చింది.

మెట్ల మీద జారానని నీకు రాసిన దెబ్బ ఆ రోజు తాడు మీద తగిలిందే.

ఆపరేషనుకు ముందే సెలవడిగితే రోగిష్టిదని తీసేస్తారేమోనని శనివారం దాకా ఎక్కుతూనే ఉంటాను. అందని పట్టీకి అక్క తాడుముక్క ముడేసి, లాగి చూసి పంపిస్తోంది. పైకెక్కాక కిందికి చూడడం మానేశానమ్మా. ఇదివరకెప్పుడూ ఇలా లేదు.

తిట్టుకుంటూనైనా ఆదివారానికల్లా రా. కుట్లు మానేదాకా తల కూడా దువ్వుకోలేనట. మానాక ఆ పట్టీ నువ్వే బిగించు. నీ చేత్తో గట్టిగా లాగి చూడు. నువ్వు లాగి చూశాకే మళ్ళీ పైకెక్కుతాను.

ఇట్లు,
భయపడుతున్న నీ చిన్న కూతురు