తండ్రి నోటి తిండి మానని పిల్ల

తమ్ముడు మల్లేశానికి,

ఫోన్‌లో నన్ను మాట పూర్తి చేయనివ్వవు కాబట్టి రాసి పంపుతున్నాను.

నేను చేవెళ్ల సంతకు పోయిన పూట చూసుకుని, మా కాకటీల్ చిలక పిల్లను మొయినాబాద్‌లో మీ ఇంటికి పట్టుకుపోయావు. ఈకలొచ్చాయి, ఎగురుతోంది, ఇక పెద్దదైందనుకున్నావు. దానికి ఇంకా తండ్రి పక్షే తినిపిస్తోందని ఎన్నిసార్లు చెప్పాను! రెండో రోజు ఫోన్ చేసి, "అక్కా, గిన్నె నిండ గింజలు పోసిన, తింటలేదు. మొండి పిట్టనిచ్చినవ్" అన్నావు. నాకు ఒళ్లు మండింది. నేనెక్కడ ఇచ్చాను?

ఆటోలో వచ్చి చూస్తే అది గింజలను కొరికి పారేస్తోంది గానీ మింగడం లేదు. చేతిలోకి తీసుకుంటే రొమ్ము ఎముక గుచ్చుకుంది, అంతగా చిక్కిపోయింది. ఇంటికి తెచ్చి వదలగానే తండ్రి పక్షి కాసేపు తేరిపార చూసి, దగ్గరికొచ్చి ముక్కులో ముక్కు పెట్టి తినిపించింది. నేను అక్కడే కూలబడి ఏడ్చాను.

ఇప్పుడు నానబెట్టిన కొర్రలు తనే తింటోంది. కానీ సాయంత్రమైతే తండ్రి వెంటపడి అరుస్తూనే ఉంది. అది మానేదాకా ఇవ్వను. "బిడ్డకు బర్త్‌డేకిస్తనని చెప్పిన, ఇజ్జత్ పోతది" అని మళ్లీ ఫోన్ చేయకు.

నిన్న నీ కూతురు మేఘ నాకు ఫోన్ చేసింది. "అత్తా, మా ఇంట్ల అది ఒక్కతీరుగ ఒర్రింది, అరుసుడు ఆపనే లేదు. దాని డాడీ దగ్గర్నే ఉండనీ" అన్నది. మీ ఇంట్లో ఒక్కరికైనా అర్థమైంది.

పుట్టినరోజుకు మేఘను ఇక్కడికే తీసుకురా. పంజరం మాత్రం తేకు.

మీ అక్క