మా కొండ ఎత్తు

కొతో, శుక్రవారం ఉదయం

యులాలీకి,

ఈ ఉత్తరం రాయకుండానే గడిపేద్దామనుకున్నాను. కలం తీశాను, పెట్టేశాను, కోళ్ళకు మేత వేసి వచ్చాను, మళ్ళీ తీశాను. ఫోన్ చేయవచ్చు కదా అంటావు. ఫోన్లో అయితే మాట్లాడేది నువ్వు, వినేది నేను. కాగితం నా మాట మధ్యలో అందుకోదు. ఇక్కడ నేనూ, కుక్కా, కోళ్ళూ కులాసా. హ్యూస్టన్‌లో నువ్వూ మీ అక్కా కులాసాగానే ఉన్నారనీ, కొత్త మోకాలుతో ఆవిడ లేచి నడుస్తోందనీ, నోటికి మాత్రం ఏ మరమ్మతూ అవసరం పడలేదనీ తలుస్తాను.

నువ్వడిగినవాటికి జవాబులు. అన్నం వండుకుంటున్నాను, రోజూ తింటున్నాను. వంటింటి కుళాయి కారడం మానేసింది; నేనేమీ చేయలేదు, దానికే విసుగు పుట్టి ఉంటుంది. వయోమింగ్ కొండలకు నా బదులు అల్లుణ్ణి పంపమన్నావు. ఎల్క్ దుప్పి వేట పర్మిట్ లాటరీలో ఎవరి పేరున వస్తే వాళ్ళే వెళ్ళాలి. నేనూ పక్క పొలం క్లెబేరూ ఎన్నేళ్ళుగా ఆ లాటరీలో పేర్లు వేస్తున్నామో నీకు తెలుసు. వాడికి తగల్లేదు, నాకు తగిలింది. పోతే, నేను కొండెక్కితే నువ్వు మీ అక్క దగ్గరే ఉండిపోతానని రాశావు. ఆ వాక్యం కింద గీత కూడా గీశావు. దాని సంగతి చివర్లో చెబుతాను.

ఇక ఫాదర్ గారు నీకు చేరవేసిన కబురు. ఏటిగట్టు మీద నేను నాలుగు కాళ్ళ మీద పాకుతుండగా చూశారట, ముక్కుకు బట్టలారేసే క్లిప్పు ఉందట. ఫాదర్ గారి చూపు బాగానే ఉంది.

క్లిప్పు క్లెబేర్ ఆలోచన. "ఒరే, కొండ మీద గాలి పలచగా ఉంటుందట. ఇక్కడ గాలేమో పులుసంత చిక్కగా ఉంటుంది. సగం ముక్కు మూసుకుని ఎక్కితే అక్కడి లెక్కకు సరిపోతుంది" అన్నాడు. వాడి ఊపిరితిత్తులు కావు కాబట్టి వాడికి ధైర్యం ఎక్కువ. ఈ పారిష్‌లో, జిల్లా అంతా వెతికినా, ఎక్కడానికి ఉన్నది ఏటిగట్టు ఒక్కటే కదా. వీపుకు బియ్యం బస్తా కట్టుకుని, గట్టు ఎక్కి, దిగి, మళ్ళీ ఎక్కేవాణ్ణి. క్లెబేర్ కింద ట్రక్కులో కూర్చుని, కాఫీ తాగుతూ, "ఇంకోసారి! ఎల్క్ నవ్వుతోందిరా!" అని అరిచేవాడు. గట్టు మీది ఆవులు మొదట్లో భయపడ్డాయి, తర్వాత అలవాటు పడ్డాయి, ఇప్పుడు దారి కూడా ఇవ్వడం లేదు. గట్టు మరీ పొట్టిదైపోయాక, వడ్లు ఆరబెట్టే మిల్లు టవర్‌కున్న ఇనుప మెట్లు ఎక్కాను. దుకాణం దగ్గర వాళ్ళంతా, "ఏం తాతా, ఎవరి బస్తా ఎత్తుకుపోతున్నావ్?" అనేవారు. "నీ అత్తగారి కట్నంరా, బరువుంటుంది మరి" అనేవాణ్ణి.

పాకడం సంగతి కూడా నిజమే. ఆ రోజు ఊపిరి అందలేదు. మోకాళ్ళ మీద కూలబడ్డాను, బస్తా మెడ మీదికొచ్చింది. ఒక ఆవు వచ్చి చెవి వాసన చూసింది. అప్పుడు క్లిప్పు తీసి ఏట్లో పారేశాను. కాసేపు గడ్డిలో కూర్చున్నాను. తర్వాత లేచి మళ్ళీ ఎక్కాను. ఫాదర్ గారు ఈ భాగం నీకు చెప్పి ఉండరు. డాక్టర్ దగ్గరికీ వెళ్ళాను. గుండె బాగుందన్నాడు. బాగుందని చెప్పి, "ఈ వయసులో ఎందుకండీ?" అన్నాడు. "ఈ వయసులోనే పర్మిట్ వచ్చిందండీ" అన్నాను.

ఇప్పుడు దాచిన సంగతి. నన్ను కొండెక్కించే గైడు హార్లన్, ఎండాకాలం మొదట్లో ఫోన్ చేశాడు. "మీ వైపు కొండలున్నాయా సార్, ఎక్కి అలవాటు చేసుకోవడానికి?" అన్నాడు.

"ఉండకేం? మా ఇల్లే కొండ మీద. నేను పుట్టిందీ దాని మీదే" అన్నాను.

నిజమే కదా యులాలీ. పేరులోనే గుట్ట ఉన్న మన కొతోను మనం కొండ కాక ఇంకేమంటాం? మా నాన్న కాలంలో వరద వచ్చినప్పుడు చుట్టుపక్కల ఆవులన్నీ మన పెరట్లోకొచ్చి నిలబడ్డాయి. నీళ్ళు ఎక్కని నేల కొండ కాకపోతే మరేమిటి? ఆ మనిషి ఎంతో సంతోషపడి, "కొండ మనిషన్నమాట! అయితే మిమ్మల్ని పై శిబిరంలో వేస్తాను. గుర్రాలు రావు, నడకే" అన్నాడు. నేను సరేనన్నాను.

ఈ ముచ్చట చెబితే క్లెబేర్ కాఫీ ఒలకబోసుకున్నాడు. "ఒరే ఒనేజీమ్, నీ కొండ మీంచి బంతి వదిలితే దొర్లదురా!" అన్నాడు.

చాలా రోజులు హార్లన్‌కు అసలు సంగతి చెప్పలేదు. కానీ గట్టు మీద కూలబడ్డ రోజున ఒకటి తోచింది. పైన కూలబడితే నన్ను మోసుకుని దిగాల్సింది ఆ హార్లనే. అందుకని ఫోన్ చేసి చెప్పేశాను. "మా కొండ మా వంటింటి బల్లంత ఎత్తుంటుంది బాబూ" అన్నాను.

హార్లన్ పగలబడి నవ్వాడు. నవ్వడం అయ్యాక, "కింద శిబిరం ఉందండీ పెద్దాయనా. గుర్రం మీద వెళ్ళొచ్చు, మంచాలు కూడా ఉంటాయి" అన్నాడు.

"నేను గట్టు అరిగేలా ఎక్కింది మంచం కోసం కాదు" అన్నాను.

"పై శిబిరమేనా?"

"పై శిబిరమే."

"అయితే ముందుగానే వచ్చేయండి. అక్కడ ఎంత ఎక్కినా కాళ్ళే గట్టిపడతాయి. ఈ గాలి మాత్రం ఇక్కడ కూర్చుంటే తప్ప ఒంటికి పట్టదు. కింద కొన్నాళ్ళు ఉండి కట్టెలు కొట్టుకోండి, నీళ్ళు బాగా తాగండి. తలనొప్పి వస్తే రోషానికి పోకుండా నాతో చెప్పాలి" అన్నాడు. చెబుతానని మాటిచ్చాను. నీకు ఇచ్చే మాటలకన్నా గట్టిగా ఇచ్చాను.

కాబట్టి సంగతి ఇది. నేను నెలాఖరున బయల్దేరతానని నువ్వనుకుంటున్నావు. దానికి ముందే వచ్చి, ట్రక్కు తాళాలు దాచిపెట్టాలని ఆలోచిస్తున్నావు. నేను ఈ పూటే వెళుతున్నాను. నీకిది అందేసరికి హార్లన్ పెరట్లో కట్టెలు కొడుతూ ఉంటాను.

ముసలాడివన్నావు. అవును. పిచ్చన్నావు. అదీ ఉండొచ్చు. పుట్టింది మొదలు ఏ వైపు చూసినా బల్లపరుపు నేల, దాని మీద వరి, దాని పైన ఆకాశం. ఎల్క్ అరుపు కొండల మధ్య ఎలా మోగుతుందో ఒక్కసారి వినాలి, అదీ నా కాళ్ళ మీద నిలబడి వినాలి. తుపాకీ పేల్చే అవకాశం రాకపోయినా ఫర్వాలేదు. నన్ను కూర్చోబెట్టడానికి ఈ ఊరంతా చేతులు కలిపింది. ఆ జాబితాలో నువ్వు ముందున్నావు. నేను కూర్చోను. హ్యూస్టన్‌లో ఉండిపోతానన్నావుగా, ఉండు. దిగి వచ్చాక నేనే అక్కడికి వచ్చి మీ అక్క వాకిట్లో మకాం పెడతాను. ఆవిడ ఎంతకాలం భరిస్తుందో చూద్దాం.

కోళ్ళను క్లెబేర్ చూసుకుంటాడు. నీ మందులు మానకు.

ఇట్లు,
కొండ మీది నీ మొగుడు,
ఒనేజీమ్

కవరు అంటించబోతుంటే క్లెబేర్ వచ్చాడు, అందుకని మళ్ళీ రాస్తున్నాను. పొద్దున నువ్వు వాళ్ళింటికి ఫోన్ చేశావట. "నేను చెప్పలేదురా, నువ్వు ఈ పూటే వెళుతున్నావని మా ఆవిడ వాగేసింది" అని గుమ్మంలోనే ఒట్టేశాడు.

"యులాలీ ఏమంది?" అన్నాను.

"ఉన్ని మేజోళ్ళు కింది సొరుగులో ఉన్నాయంది. ఫోన్ పెట్టేసింది."

కింది సొరుగు లాగి చూశాను. ఉన్నాయి. సంచిలో వేసుకున్నాను.