తోక కింద దారాలు

బావా,

ఇక్కడ అందరం సుఖంగా ఉన్నాం. నీకు రుచించదని తెలిసే ఆ మాట ముందు రాశాను.

ఎదకు రాని మా నాలుగు పెయ్యలూ గొడ్డువి, అమ్మెయ్యమన్నావు. మా కోడలు వాటి లోపల, ఎదకు రప్పించే హార్మోను పరికరాలు పెట్టింది. ఏడో రోజు తీయబోతే ఒక్కటీ లేదు. "పెట్టడం చేతకాక జారిపోయాయి" అని పదిమందిలో నవ్వావు. ఆ పిల్ల నోరెత్తలేదు.

మళ్ళీ పెట్టింది. నాలుగూ ఒకేసారి ఎదకొచ్చాయి, చూలుకట్టే సూదులు వేయించాం. నిన్న డాక్టరు చూసి అన్నీ చూలుతో ఉన్నాయన్నాడు.

ఇక నా సంగతి. మొదటిసారి తోకల కింద దారాలు వేలాడుతుంటే, పురికొస చుట్టుకుందనుకుని లాగి, చివర ఏముందో చూడకుండా పేడకుప్పలో పారేసింది నేనే. నాలుగింటికీ ఎలా చుట్టుకుందని ఆలోచించలేదు. అవి పరికరాలను బయటికి తీసే దారాలని, ముట్టుకోవద్దని కోడలు ముందే చెప్పిందట. నేను పుస్తకంలో ఉండి ఊఁ కొట్టాను.

నిన్న ఒప్పుకున్నాను.

"తెలుసు మామయ్యా, పేడ ఎత్తుతుంటే దొరికాయి" అంది.

"మరి మా బావ అన్నప్పుడు చెప్పలేదేం?"

"ఆయన నన్నంటే ఒక పూటతో పోతుంది. మిమ్మల్నంటే, ఆ గొడవ మీరున్నంత కాలం నేను వినాలి."

నా వంతు అయిపోయింది. ఆదివారం నువ్వొచ్చి ఆమెకు తప్పయిందని చెప్పు. వినడానికి నేను పక్కనే కూర్చుంటాను.

నీ బావమరిది